ఆగకు పెద్దమ్మా, తినేసెయ్

మా చెల్లెలు వాళ్ళు టోక్యోలో ఉంటారు. నగరానికి తూర్పు వైపు, ఎదొగావా వార్డులో నిషి కసాయ్ అనే పేట. అక్కడ మనవాళ్ళు ఎక్కువ. స్టేషన్ బయట కాసేపు నిలబడితే ఎక్కడో ఒకచోట తెలుగు చెవిన పడుతుంది. కందిపప్పూ చింతపండూ అమ్మే కొట్లున్నాయి. కాబట్టి అక్కడ ఉన్న రెండు వారాలూ నాకు తిండికి లోటు రాలేదు. కానీ జపాన్ దాకా వెళ్ళి పప్పుచారు తిని వచ్చానంటే నలుగురూ నవ్వుతారని, ఒక వానపడే మధ్యాహ్నం మా చెల్లెలు నన్నూ, దాని కూతుర్నీ వెంటబెట్టుకుని రామెన్ కొట్టుకి తీసుకెళ్ళింది.

రామెన్ అంటే మనం ఇంట్లో రెండు నిమిషాల్లో చేసే నూడుల్స్‌కి పెద్దక్క అనుకోండి. పెద్ద గిన్నె నిండా వేడి వేడి సూప్, అందులో గోధుమ నూడుల్స్, పైన మాంసం ముక్కలు, సగానికి కోసిన గుడ్డు, ఉల్లికాడలు, వెదురు మొలకలు, సముద్రపు నాచు రేకు. సూప్ చాలాచోట్ల పంది ఎముకలతో కాస్తారు. మేము కోడీ చేపా తింటాం గానీ పంది ముట్టం. అందుకని చెల్లెలు ముందే వెతికి పెట్టుకున్న కోడి సూప్ కొట్టు అది. (శుద్ధ శాకాహారులకి కూడా దారి ఉంది. టోక్యో స్టేషన్ లోపల, టికెట్ గేట్లు దాటాక, టీస్ తన్‌తన్ అని ఒక కొట్టు ఉంది. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ వాడరు. నువ్వుల సూప్. గుర్తు పెట్టుకోండి, ఎవరికైనా పనికొస్తుంది.)

కొట్టంటే ఎంతనుకున్నారు, మన వంటింటికి రెండింతలు ఉంటుందేమో. బల్ల ముందు తొమ్మిది స్టూళ్ళు, బల్లకి అవతల పొయ్యి, ఇద్దరు వంటవాళ్ళు. గుమ్మంలోనే ఒక మిషను. డబ్బులు వేసి, కావలసిన గిన్నె బొమ్మ ఉన్న మీట నొక్కితే చీటీ వస్తుంది. ఆ చీటీ బల్ల మీద పెడితే చాలు. మాట్లాడే పనే లేదు. ఒక గిన్నె తొమ్మిది వందల యెన్‌లు, మన లెక్కలో ఐదు వందల పైచిలుకు. వెయ్యి యెన్‌లు దాటితే జనం రారని అక్కడి కొట్లవాళ్ళ భయమట, దానికి ‘వెయ్యి యెన్‌ల గోడ’ అని పేరు కూడా పెట్టుకున్నారు. మన టిఫిన్ సెంటర్ వాళ్ళు ఇడ్లీ మీద ఐదు రూపాయలు పెంచడానికి ఎంత మథనపడతారో, అలాగే.

గిన్నెలు ఒకేసారి రాలేదు. ముందు నాది వచ్చింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మిగతా ఇద్దరివీ వచ్చాక మొదలుపెట్టడం మర్యాద కదా. పక్కనున్న పదకొండేళ్ళ మా పిల్ల నన్ను మోచేత్తో పొడిచింది. “ఆగకు పెద్దమ్మా, తినేసెయ్. సాగిపోతుంది” అంది. ఆగితే ఏమవుతుందో దాని మొహంలో నిజమైన కంగారు కనిపించింది. వంటాయన కూడా నా గిన్నె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

ఈ తొందరకి ఒక కారణం ఉంది. ఆ నూడుల్స్ పిండిలో కాన్‌సుయ్ అనే క్షారపు నీళ్ళు కలుపుతారు. ఆ పసుపు ఛాయ, ఆ పంటికింద తెలిసే బిగువు దానివల్లే వస్తాయి. కానీ వేడి సూప్‌లో పడ్డాక కూడా నూడుల్స్ నీరు పీల్చుకుంటూనే ఉంటాయి. నాలుగైదు నిమిషాలు పోతే ఉబ్బి, మెత్తబడి, బిగువు పోతుంది. జపాన్ వాళ్ళు దాన్నే ‘సాగిపోవడం’ అంటారు. ఫుకువోకా వైపు నూడుల్స్ మరీ సన్నంగా ఉంటాయి, మరీ త్వరగా పాడవుతాయి. అందుకని అక్కడ మొదట కొంచెమే వేస్తారు, అది తిన్నాక మిగిలిన సూప్‌లోకి మళ్ళీ కొత్తగా ఉడికించిన ముద్ద వేయించుకుంటారు. చేపల మార్కెట్లో తొందరలో ఉండే పనివాళ్ళ కోసం పుట్టిన పద్ధతి అది. అంటే రామెన్ విషయంలో అసలు మర్యాద ఆగడం కాదు. ఎవరి గిన్నె వస్తే వాళ్ళు వెంటనే తినడం. వండినవాడికి చేసే గౌరవం కూడా అదే.

తిన్నాను. బాగుంది. రుచి ఎలా ఉందో వర్ణించడం నా ఉద్దేశం కాదు. ఆ గిన్నె సగంలో ఉండగా నాకొక లెక్క తట్టింది, అది చెబుతాను.

పొయ్యి మీదనుంచి దించిన తక్షణం తినాల్సిన తిండి మన ఇళ్ళల్లో ఏముంది? దోసె. పూరీ. పుల్కా. గారెలు. దోసె అయితే సరిగ్గా రామెన్ లాంటిదే, పెనం మీదనుంచి తీసిన రెండు నిమిషాలే దాని ఆయుష్షు. తర్వాత అది తోలు. మరి దోసెలు పోసే మనిషి ఆ రెండు నిమిషాల దోసెని తిన్నది ఎప్పుడు? నాకు పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. వారానికి రెండుసార్లు దోసెలు, ఒక్కోసారి పది పన్నెండు. ఇరవై వేల పైమాటే. వాటిలో కరకరలాడుతుండగా నా నోట్లో పడ్డవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అవి కూడా హోటల్లో తిన్నవే.

ఇది నా ఒక్కదాని కథ కాదు, చదువుతున్న మీకందరికీ తెలుసు. మనకి దీనికి మాటలు కూడా ఉన్నాయి. మిగులూ తగులూ, అడుగూ బొడుగూ. మాగాయలో ఊట అందరికీ, టెంక మనకి. పాలల్లో మీగడ పిల్లలకి, గిన్నెకి అంటుకున్నది మనకి. గీరుకుని తినడంలో ఒక రుచి ఉంది నిజమే, నేను కాదనను, మాడిన అడుగు నాకూ ఇష్టమే. కానీ ఇష్టపడి గీరుకోవడం వేరు, అదే మన వాటా కావడం వేరు.

పెళ్ళిళ్ళలో బంతులు గుర్తున్నాయా? చిన్నప్పుడు మా ఊళ్ళో మొదటి బంతి మగపెళ్ళివారిది, తర్వాత ఊరి పెద్దలు, తర్వాత పిల్లలు, ఆఖరి బంతి ఆడవాళ్ళది. అప్పటికి బూరెలు అయిపోయేవి, పప్పులో నీళ్ళు చేరేవి. వడ్డించేవాడు మనవాడైతే ఏ బంతిలో కూర్చుంటే ఏం అని సామెత. బాగానే ఉంది. వడ్డించేది మనమే అయితే? అప్పుడు ఏ బంతీ లేదు. ఆ సామెత పుట్టించినవాళ్ళు ఆకు ముందు కూర్చున్నవాళ్ళే గానీ గరిటె పట్టుకున్నవాళ్ళు కాదని నాకు గట్టి అనుమానం.

ఇలా అంటే వచ్చే జవాబు నాకు తెలుసు. మా అమ్మే అంటుంది: “మీరు తింటుంటే చూస్తే నా కడుపు నిండినట్టే.” ఆ మాటలో ప్రేమ ఉంది. నా పిల్లలు ఆవురావురుమని తింటుంటే నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ కడుపు నిండినట్టు అనిపించడం వల్ల ఒంట్లోకి రక్తం రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. సగం కన్నా ఎక్కువ. దానికి కారణాలు చాలా ఉంటాయి, నెలసరులు, కాన్పులు, తినే తిండిలో ఇనుము లేకపోవడం. ఆఖరున తినడమే కారణమని నేను అనను. కానీ ఆకుకూర ఫ్రై కొంచెమే చేసిన రోజున, కూర గిన్నె చివరికి వచ్చేవాళ్ళకి ఏం మిగులుతుందో లెక్క వేయడానికి డాక్టరు అక్కరలేదు. మజ్జిగన్నంలో ఆవకాయ ముక్క నంజుకుని లేచిపోయే రాత్రులు నెలకి ఎన్నో మీరే చెప్పండి.

ఇంకొకరు అంటారు, ఏముందండీ, అందరూ కలిసి కూర్చుని తింటే సరిపోతుంది కదా అని. అన్నం, కూర, పప్పు ఉన్న పూట తప్పకుండా సరిపోతుంది. అన్నీ బల్ల మీద పెట్టుకుని ఎవరికి వారు వడ్డించుకోవచ్చు. చాలా ఇళ్ళల్లో ఇప్పుడు అలాగే జరుగుతోంది, సంతోషం. చిక్కంతా పొయ్యి దగ్గర ఒక మనిషి నిలబడి ఉండాల్సిన తిండితోనే వస్తుంది. దోసెలకి ‘కలిసి తినడం’ అనేది లేదు. నలుగురు కలిసి తింటారు, ఒకరు పోస్తారు.

రామెన్ కొట్టులో నన్ను ఆలోచింపజేసింది ఇంకోటి ఉంది. ఒంటరిగా తినే ఆడవాళ్ళు. మా పక్క స్టూలు మీద నా వయసావిడే ఒకామె వచ్చి కూర్చుంది. చీటీ పెట్టింది, గొడుగు కొక్కేనికి తగిలించింది, బల్ల మీద చిన్న డబ్బాలో ఉన్న రబ్బరు బ్యాండు ఒకటి తీసి జుట్టు ముడేసుకుంది. ఆ బ్యాండ్లు అందుకే పెడతారట, వంగి తినేటప్పుడు జుట్టు సూప్‌లో పడకుండా. గిన్నె వచ్చింది. సుర్రుమని చప్పుడు చేస్తూ తింది. అక్కడ నూడుల్స్ చప్పుడు చేస్తూ జుర్రుకోవడం తప్పు కాదు, గాలితో పాటు లాగితే వేడి తగ్గుతుంది, వాసనా తెలుస్తుంది. (మా నాయనమ్మ ఉంటే ఆవిడ చేతి మీద ఒకటి వేసేది. మగపిల్లలు చారు జుర్రుకుంటే ముద్దు, ఆడపిల్ల జుర్రుకుంటే మోటు.) పది నిమిషాల్లో తినేసి, గిన్నె ఎత్తి బల్ల గట్టు మీద పెట్టి, బల్ల తుడిచి, వంటాయనకి ఒక మాట చెప్పి వెళ్ళిపోయింది. ఫోను కూడా తీయలేదు.

ఒంటరిగా హోటలుకి వచ్చినవాళ్ళని అక్కడ ‘ఒహితొరిసమ’ అంటారు. హితొరి అంటే ఒక్కరు. ముందున్న ‘ఒ’, చివరున్న ‘సమ’ రెండూ మర్యాద కోసం. సమ అంటే మన ‘గారు’ కన్నా ఇంకో మెట్టు పైన. మన భాషలో చెప్పాలంటే ‘ఒక్కరుగారు’. తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఇలాంటివి నా చెవికి తగులుతాయి. మన మాట చూడండి, ‘ఒంటరి’. ‘ఒంటరి ఆడది’ అనగానే జాలి, లేకపోతే అనుమానం. మూడోది లేదు. ఒహితొరిసమ అనే మాటని పేరులోనే పెట్టుకుని సామాజిక శాస్త్రవేత్త ఉఎనొ చిజుకో 2007లో ఒక పుస్తకం రాసింది. ఆడవాళ్ళు మలివయసులో ఒంటరిగా బతకడం గురించి. అక్కడ అది బాగా అమ్ముడుపోయింది.

అలాగని జపాన్ ఆడవాళ్ళకి ఇదంతా పుట్టుకతో వచ్చిన హక్కేం కాదు. రామెన్ కొట్లు చాలాకాలం మగవాళ్ళ అడ్డాలే. ఆడది ఒక్కతే వెళ్ళి కూర్చోవడానికి బిడియపడేదట. ఫుకువోకా నుంచి వచ్చిన ఇచిరాన్ అనే పెద్ద సంస్థ కొట్లలో ప్రతి స్టూలుకీ అటూ ఇటూ చెక్క అడ్డు ఉంటుంది, ఎదురుగా చిన్న తెర. గిన్నె పెట్టే చేయి మాత్రమే కనిపిస్తుంది, మనిషి కనిపించడు. అది పంది సూప్ కాబట్టి నేను తినలేదు, చెల్లెలు చూపిస్తే చూశానంతే. చూడగానే నాకు మన పాత హోటళ్ళలోని ఫ్యామిలీ రూములు గుర్తొచ్చాయి. చెక్క గదులు, గళ్ళ తెర, లోపల భార్యాభర్తలూ పిల్లలూ. అక్కడా తెరే, ఇక్కడా తెరే. కానీ మన తెర వెనక్కి వెళ్ళాలంటే పక్కన మొగుడుండాలి. ఒక్కతే వెళితే ఫ్యామిలీ రూము ఇవ్వరు, హాల్లో కూర్చుంటే అందరూ చూస్తారు. అందుకే మనం ఏం చేస్తాం? పార్సిల్ కట్టించుకుంటాం. టిఫిన్ సెంటర్ ముందు నిలబడి తింటున్న మగవాళ్ళు పాతిక మంది ఉంటే, పక్కన పార్సిల్ కోసం నిలబడ్డ ఆడవాళ్ళు ఐదుగురుంటారు. ఇంటికి తెచ్చి విప్పేసరికి దోసె ఆకుకి అతుక్కుని మెత్తగా ఉంటుంది. అదీ అందరికీ పెట్టాకే.

ఆ తర్వాత నేను ఆ కోడి సూప్ కొట్టుకి ఒక్కదాన్నే రెండుసార్లు వెళ్ళాను. చీటీ తీసి, కూర్చుని, చప్పుడు చేస్తూ తిని వచ్చాను. ముక్కూ మొహం తెలియని ఊళ్ళో ధైర్యం చేయడం సులువే, పెద్ద గొప్ప కాదు. మన పేటలో కిరాణా కొట్టాయన ఎదురుగా నిలబడి తినడమే అసలు ధైర్యం.

జపాన్‌ని ఆకాశానికి ఎత్తుతున్నాననుకునేరు. ‘టాంపొపొ’ అని 1985లో ఒక సినిమా వచ్చింది. ఇతామి జూజో తీశాడు. ఒక కొడుకున్న ఆడమనిషి రామెన్ కొట్టు నడపడం నేర్చుకునే కథ. హాస్యంగా, సరదాగా సాగుతుంది. చెల్లెలింట్లో చూశాం. కథకి సంబంధం లేకుండా మధ్యమధ్యలో తిండి గురించి చిన్న చిన్న ముక్కలు వస్తాయి. వాటిలో ఒకటి ఇది. ఒక ఇల్లాలు చావుబతుకుల్లో ఉంటుంది. పక్కన డాక్టరు, పిల్లలు. భర్త పరుగున ఇంటికొస్తాడు. ఆమె ప్రాణం నిలపడానికి ఏం చేయాలో తెలియక, లేచి వంట చెయ్యమంటాడు. ఆమె లేస్తుంది. తూలుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఉల్లికాడలు తరిగి, అన్నం వేయించి, పెనం తెచ్చి బల్ల మీద పెడుతుంది. అందరూ తింటుంటే చూసి చిన్నగా నవ్వుతుంది. పడిపోతుంది. ప్రాణం పోతుంది. భర్త ఏడుస్తూనే, అమ్మ చేసిన ఆఖరి అన్నం, వేడిగా ఉండగానే తినమని పిల్లల్ని గదమాయిస్తాడు. వాళ్ళు ఏడుస్తూ తింటారు.

మా మరిది ఆ సీనుకి నవ్వాడు. అది నవ్వించడానికి తీసిందే, తప్పు పట్టను. నేనూ చెల్లెలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది మా పెద్దత్త. ఆస్పత్రికి బయల్దేరే ముందు పెరుగు తోడు పెట్టి వెళ్ళింది. తిరిగి రాలేదు. మర్నాడు ఆ పెరుగు అందరం వేసుకుని తిన్నాం.

ఆ సినిమా వంటామె గురించి అయినా, నేను చూసిన రామెన్ కొట్లలో పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే. మనకి మాత్రం ఏమిటి తేడా? గొప్ప వంటకి మనం పెట్టుకున్న పేరు నలభీమపాకం. ఇద్దరూ మగవాళ్ళే, ఇద్దరూ కష్టకాలంలో పరాయి కొలువులో ఉన్నప్పటి సంగతి. ద్రౌపది అడవిలో అంతమందికి పెట్టింది కదా, ఆవిడకి వచ్చిన పేరు ఏమిటి? అందరూ తిన్నాక ఆవిడ తినేదాకా నిండే అక్షయపాత్ర. అంటే ఆవిడ ఆఖరున తినాలన్నది వరంలోనే ఉంది! ముందు తింటే పాత్ర ఖాళీ. చిన్నప్పుడు ఈ కథ విని మహిమకి ఆశ్చర్యపోయాను. ఇప్పుడు ఆ షరతు పెట్టింది ఎందుకా అని ఆశ్చర్యపోతున్నాను.

వంటకి ఒక బల్ల, ఒక ధర, ఒక చీటీ ఉన్నచోట అది విద్య. వంటాయన ఎదురుగా కూర్చుని, ఆయన చేసినదాన్ని ఆయన చెప్పిన వేళకి తింటారు. లేచేటప్పుడు ‘గొచిసొసమ’ అంటారు. ఆ ‘చిసొ’ అన్న అక్షరాలకి అర్థం అటూ ఇటూ పరుగెత్తడం. నాకోసం పరుగులు పెట్టి సమకూర్చినందుకు మీకు దండం అని. మనం ‘అన్నదాతా సుఖీభవ’ అంటాం. ఆ దీవెన బియ్యం ఇచ్చినవాడికి వెళుతుంది. పరుగెత్తినదానికి విడిగా మాట లేదు. 2019లో మన దేశంలో జరిగిన సమయ వినియోగ సర్వేలో తేలింది, ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు వాటికి రోజూ సగటున 299 నిమిషాలు పెడుతున్నారని, చేసే మగవాళ్ళు 97 నిమిషాలని. ఐదు గంటల పరుగు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఇంట్లో అందరికన్నా ముందు తినాలని నేను అడగడం లేదు. పసిపిల్లలు, ముసలివాళ్ళు ముందు తినాలి, అందులో వాదం లేదు. కానీ నలభై దాటిన మగమనిషికీ, ఇరవై ఏళ్ళ కొడుక్కీ వేడి దోసె హక్కు, పోసేదానికి చల్లారిన దోసె అలవాటు అన్నది మాత్రం ఆపాలి. అది త్యాగం కూడా కాదు, ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు. మా అబ్బాయిని అడిగితే “అమ్మకి మెత్తని దోసెలే ఇష్టం” అన్నాడు. వాడు అబద్ధం చెప్పడం లేదు. వాడు చూసింది అదే.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. పొయ్యి దగ్గర మనిషి మారాలి. నాలుగు దోసెలయ్యాక ఒకరు లేవాలి, పోసినవాళ్ళు కూర్చోవాలి. దోసె పోయడం రాదనే మగవాళ్ళకి టోక్యోలో రోజూ గిన్నెలు గిన్నెలు దించే ఆ వంటాయన్ని చూపించాలి. “నా వంటింట్లో వాళ్ళు గందరగోళం చేస్తారు, నేనే పోసేస్తే ఒక పనైపోతుంది” అనే స్నేహితురాళ్ళు నాకు చాలామంది ఉన్నారు. గందరగోళం అవుతుంది. పిండి గట్టు మీద పడుతుంది. తుడవడం కూడా వాళ్ళకే నేర్పాలి. ఇంకొకటి, నెలకి ఒక్కసారైనా టిఫిన్ సెంటర్లో పార్సిల్ అడగకుండా అక్కడే నిలబడి తినండి. మొదటిసారి అందరూ చూస్తారు. రెండోసారి సగం మందే చూస్తారు.

మా ఇంట్లో మూడు నెలలుగా ఆదివారం పెనం మావారిది. మొదట్లో ఆయన దోసెలు ఊతప్పాలకి అన్నదమ్ముల్లా వచ్చాయి. పిండి వేసి గరిటెతో తిప్పడానికి ముందు మంట తగ్గించాలని తెలియడానికి రెండు వారాలు పట్టింది. ఇప్పుడు ఫరవాలేదు. మా అత్తగారే ఒప్పుకోలేదు. ఆవిడకి డెబ్బై ఆరు. నాకన్నా ముప్పై ఏళ్ళ ముందునుంచీ ఆఖరున తింటున్న మనిషి. అందరూ అయ్యాక అని వంటింటి గుమ్మం దగ్గరే కూర్చునేవారు. పోయిన ఆదివారం మొదటి దోసె పెనం మీదనుంచి తీసి నేరుగా తెచ్చి ఆవిడ పళ్ళెంలో వేశాను.

“అబ్బాయి తిన్నాడా?” అన్నారు.

“ఆయనే పోస్తున్నారు అత్తయ్యా. తినండి, చల్లారిపోతుంది.”

రెండు తిన్నారు. మూడోది అంచు సరిగ్గా కాలలేదని వెనక్కి పంపించారు.